జబ్బు సెలవు కాదు

న్యుమోనియా పూర్తిగా తగ్గిందని, ఎక్స్‌రే క్లియర్‌గా ఉందని డాక్టర్ గారు చెప్పారు. ఇక కోపం తెచ్చుకునే ఓపిక కూడా వచ్చింది.

మొదట చూసిన డాక్టరు వైరల్ ఫీవరన్నాడు, టెన్షన్ తగ్గించుకోమన్నాడు. స్టెతస్కోప్ మెడలోంచి తియ్యనే లేదు. జ్వరం, దగ్గు, ఇంకో ఆసుపత్రి, టెస్టులు, సెలైన్లు... అవన్నీ అందరికీ ఉండేవే.

ఆ రాత్రి మాత్రం వేరు. పడుకుంటే ఊపిరాడదు, కూర్చుంటే తల నిలవదు. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూడ్డానికి వేలికి పెట్టిన మీటరు 88 శాతం చూపిస్తోంది. 95 పైన ఉండాలట. ప్రార్థన చేద్దామంటే "యేసయ్యా" తర్వాత రెండో మాటకి గాలి చాలడం లేదు. అంత భయంలోనూ, ఆదివారం సండే స్కూల్ పిల్లలకి పాఠం ఎవరు చెబుతారన్న ఆలోచన వచ్చింది చూడండి! నైట్ డ్యూటీ నర్సమ్మ మంచం తలవైపు పైకెత్తి, ఆక్సిజన్ మాస్క్ పెట్టి, "ఏమీ మాట్లాడకండమ్మా, ఊపిరి తీసుకోండి చాలు" అంది. తెల్లవారేదాకా వచ్చి చూస్తూనే ఉంది. ఆమె మేలు మరచిపోలేను.

కాస్త తేరుకున్నాక మా చర్చి సంఘ పెద్ద ఒకరు చూడ్డానికొచ్చారు. "రెస్ట్ తీసుకోమంటే మీరు వినరు కదమ్మా, అందుకే దేవుడే మంచం ఎక్కించి సెలవిచ్చాడు" అని నవ్వారు. ఏ ఉపవాస కూడికకి, ఏ క్వైర్ ప్రాక్టీసుకి రాలేనన్నా ఫోన్ చేసి "దేవుని పనమ్మా" అన్నది ఆయనే. మా వారు లేచి బయటికి వెళ్ళిపోయారు. ఉంటే ఏదో ఒకటి అనేసేవారు.

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. జబ్బు సెలవెలా అవుతుంది? బైబిల్ మొదట్లో, ఆదికాండంలో, దేవుడు అలిసిపోయి పడిపోయి విశ్రమించలేదు. చేసినదంతా చాలా మంచిదిగా ఉందని చూసుకుని, ఆ తర్వాత ఏడో రోజును ఆశీర్వదించాడు. విశ్రాంతి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకిచ్చిన ఆజ్ఞ. నిర్గమకాండం 20లో ఆ ఆజ్ఞ దాసుడికీ, దాసికీ, పశువులకీ వర్తిస్తుంది. ద్వితీయోపదేశకాండం 5లో కారణం కూడా ఉంది: ఐగుప్తులో (ఈజిప్టులో) నువ్వూ దాసుడివేనని జ్ఞాపకం చేసుకో. బానిసకి సెలవుండదు, విడుదలైనవాడికి ఉంటుంది. మరి మన సంఘాల్లో అన్ని రోజులకంటే ఎక్కువ అలిసిపోయేది ఆదివారం నాడేనేమిటి?

మంచం మీద ఉండగా ఏలీయా ప్రవక్త కథే మళ్ళీ మళ్ళీ చదివాను. బదరీవృక్షం కింద ఇక చాలు, ప్రాణం తీసుకోమని అడిగి పడుకున్నాడు. దూత వచ్చి విశ్వాసం ఏమైందని అడగలేదు. రొట్టె, నీళ్ళు పెట్టి లేపాడు. తిని మళ్ళీ పడుకుంటే మళ్ళీ లేపి తినమన్నాడు, ప్రయాణం నీ శక్తికి మించిందన్నాడు. హోరేబు కొండ మీద దేవుడు అతనితో మాట్లాడింది ఆ తర్వాతే. మార్కు సువార్త 6లో, తినడానికి కూడా తీరిక లేని శిష్యులతో యేసు ఏకాంతంగా వచ్చి అలసట తీర్చుకోమన్నాడు. జనం వెంటపడి ఆ సెలవు సగంలోనే పోయిందనుకోండి, అది వేరే సంగతి. ఇవ్వాలనైతే ఆయన అనుకున్నాడు.

న్యుమోనియా తగ్గినా నీరసం నెలల తరబడి ఉండొచ్చు. ఎవరైనా "ఇంకా నీరసమేనా?" అంటే సిగ్గుపడకండి. ఊపిరి అందకపోతే మాత్రం తెల్లారనిద్దామని ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఈమధ్య మా వారూ నేనూ ఊరు దాటి వెళ్ళొచ్చాం. అక్కడ ఆదివారం మమ్మల్నెవరూ ఎరగని చర్చిలో వెనక బెంచీలో కూర్చున్నాం. పాట ఎత్తుకోమని నన్నెవరూ అడగలేదు. ప్రసంగం మొత్తం విన్నాను. వచ్చే సెలవులకీ వెళ్తున్నాం. ఆ వారంలోనే కమిటీ మీటింగుందని ఆ పెద్దాయన ఫోన్ చేశారు. రానని చెప్పాను. "ఒంట్లో బాలేదామ్మా?" అన్నారు. "బాగానే ఉందండీ, అందుకే వెళ్తున్నాం" అన్నాను.