డైపర్ కట్టు, నాలుగో ప్రయత్నం: మళ్ళీ గిట్ట కొసనే చిల్లు

పోనీ (పొట్టి గుర్రం) గిట్టలో చీముకి మందు పెట్టి, పైన పసిపిల్లల డైపర్, టేపు వేసే కట్టు ఇది. ఆగింది ఏడు గంటలు! మూడో కట్టు 14 గంటలు ఆగింది కదా, ఇది రోజు గడుపుతుందనుకుంటే సగానికి పడిపోయింది. పొద్దున 7కి కడితే మధ్యాహ్నం 2కల్లా గిట్ట ముందు కొసన బొటనవేలు పట్టేంత చిల్లు, అందులోంచి డైపర్ లోపలి జెల్ బయటికి.

పోనీకి ఎడమ ముందు గిట్టలో, మడమ వైపు చీము. ఆశ్రయానికి వచ్చేసరికే గిట్టలు చెప్పుల్లా సాగిపోయి ఉన్నాయి. పాత లామినైటిస్‌తో (గిట్ట లోపలి పొరల వాపు) తెల్లగీత, అంటే గిట్ట గోడకీ అడుగుకీ మధ్య అతుకు, విచ్చుకుంది. అలాంటి సందుల్లో మట్టి దూరి చీము పట్టడం మామూలే. డాక్టరు దారి చేశారు, చీము కారుతోంది, ధనుర్వాతం టీకా పడింది. తేలనిది కట్టు ఒక్కటే.

గిట్ట వెడల్పు 9.5 సెం.మీ., పొడవు 10.5. పసికందు సైజు డైపర్ సరిపోతుంది. దాని మీద కప్పే టేపు 5 సెం.మీ.ది. సగం మీద సగం ఎక్కిస్తూ అడ్డంగా 9, నిలువుగా 9 పట్టీలు వేస్తే 25 సెం.మీ. చదరం. మూలల్లో 7 సెం.మీ. కోతలు పెట్టి పైకి మడవాలి.

మొదటిసారి ఒక కోత సరిగ్గా కొసకే వచ్చింది: 5 గంటలు. నడకలో గిట్ట చివరిగా నేల వదిలేది కొసతోనే. పైగా మడమ నొప్పున్న పోనీ బరువు కూడా అక్కడే మోపుతుంది. చదరాన్ని తిప్పి కోతల్ని పక్కలకు జరిపితే 9 గంటలు. కొసకి రెండు పట్టీలు అదనంగా వేస్తే 14.

ఈసారి కొస కింద 6×8 సెం.మీ. సైకిల్ ట్యూబు ముక్క పెట్టడం జరిగింది. అనుమానాలు మూడు. ట్యూబు మందంతో కొస లేచి రాపిడి పెరిగి ఉండొచ్చు. ముక్క అంచు నేల దగ్గరే ఆగింది కాబట్టి గచ్చుకి తట్టుకుని ఉండొచ్చు. మూడోదాని మీదే ఎక్కువ గురి: ఎప్సమ్ ఉప్పు గోరువెచ్చటి నీళ్ళలో 20 నిమిషాలు నానబెట్టి, గిట్ట ఆరకుండానే కట్టేయడం. విప్పినప్పుడు గిట్ట గోడ మీద జిగురు మరక కూడా లేదు, అంటే టేపు అసలు అంటుకోనే లేదు. కట్టు వదులై ట్యూబు 2 సెం.మీ. వెనక్కి జారింది, కొస బయటపడింది. మూడోసారి తుడిచి పది నిమిషాలు ఆరనిచ్చాకే కట్టారు మరి.

పౌల్టీసుకి (చీము లాగే మందుపట్టీ) అనిమలింటెక్స్ అనే రెడీమేడ్ పట్టీయే మేలు, దూది ముద్దలు ఉండచుట్టుకుపోతాయి. చౌక వెండిరంగు టేపు శుద్ధ దండగ. ఏ టేపైనా గిట్ట పైన వెంట్రుకల గీత దాటి బిగిస్తే రక్తప్రసరణ దెబ్బతినొచ్చు. తడి పౌల్టీసు మూడు రోజులు మించితే గిట్ట అడుగు మెత్తబడుతుంది, అందుకే రేపటి నుంచి పొడిది.

లామినైటిస్ వల్ల కొలిచి పెట్టే మేత మాత్రం కుదిరింది: ఛాతీ చుట్టు 138, ఒంటి పొడవు 118 సెం.మీ. అంటే సుమారు 189 కిలోలు, అందులో 1.5 శాతం లెక్కన రోజుకి 2.8 కిలోల ఎండుగడ్డి, 3 సెం.మీ. కన్నాల వలలో.

ఐదోసారికి గిట్ట గోడని స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరబెట్టాలి. ట్యూబుని ముందు గోడ మీదికి 4 సెం.మీ. ఎక్కించాలి. ఆఖరి పట్టీని కింద నుంచి పైకి లాగితే అంచు నేలకి తగలదు. అప్పటికీ 24 గంటలు ఆగకపోతే మందుకట్టు మీద తొడిగే గిట్ట బూటే గతి. దాని సైజు గిట్ట చెక్కిన రోజునే కొలవాలి. పై అంచు చర్మాన్ని ఒరుసుకోకుండా లోపల ఏం చుట్టాలన్నది ఇంకా చూడాలి.