స్క్రీనింగ్ వేరు, అసెస్‌మెంట్ వేరు

స్క్రీనింగ్ అంటే బిడ్డ ఎదుగుదలను లోతుగా పరీక్షించాలా వద్దా అని తేల్చే చిన్న ప్రశ్నావళి. దాంతోనే నిర్ధారణ అయిపోదు. నడక, మాట, చేతిపని, ఆట విడివిడిగా చూసేది అసెస్‌మెంట్.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల విషయంలో పొరపాటంతా వయసు లెక్కలోనే. 32 వారాలకు పుడితే నిండు గర్భమైన 40 వారాలకు తక్కువైన 8 వారాలూ వయసులోంచి తీసేయాలి. అంటే పుట్టి 6 నెలలైనా సవరించిన వయసు సుమారు 4 నెలలే. ఇంకా కూర్చోలేదని బెంగపడక్కర్లేదు. సాధారణంగా రెండేళ్ల దాకా ఇదే లెక్క. టీకాలకు మాత్రం అసలు వయసే చూడాలి.

అసెస్‌మెంట్ తర్వాత థెరపీ అవసరమైతే, దాని లక్ష్యం "మాట మెరుగుపడాలి" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. "దాహమేస్తే గ్లాసు వైపు వేలు చూపాలి" అని రాయించుకోండి, ఇంట్లోనూ గమనించవచ్చు.

వచ్చిన మాటలు పోతుంటే మాత్రం ఏ వయసులోనైనా ఆగకండి, వెంటనే చూపించండి.