పదహారు నిండితేనే చేతిలో ఒకటి

పొద్దున తెరిచిన పాత ఫైల్‌లో తెలుగు మాటలు ఉండాల్సిన చోట అన్నీ అంకెలే. మొదటి మాట 3093, 3122, 3074. ఏ అక్షరానికి ఏ సంఖ్యో యూనికోడ్ పట్టిక చెబుతుంది, కానీ ఆ పట్టిక మనం వాడే పదుల లెక్కలో (డెసిమల్) కాదు, పదహార్ల లెక్కలో, అంటే హెక్సాడెసిమల్‌లో (హెక్స్) ఉంది. అందులో 9 తర్వాత 10 నుంచి 15 దాకా అంకెలకు ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్ అని రాస్తారు. తెలుగుకి ఇచ్చిన చోటు 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా. మార్చిపెట్టే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. అయినా ఇవాళ కాగితం మీదే చేయాలనిపించింది.

సి అంటే 12. అది 256ల (16 × 16) స్థానంలో ఉంది కాబట్టి 12 × 256 = 3072. ఈ ఒక్క సంఖ్య దొరికాక మిగతాదంతా పదహారో ఎక్కమే. 3093లోంచి 3072 తీసేస్తే 21. అందులో ఒక పదహారు, పైన ఐదు. అంటే 0సి15, పట్టికలో క. 3122లోంచి తీస్తే 50. మూడు పదహార్లు నలభై ఎనిమిది, పైన రెండు. 0సి32, ల. మూడోది 0సి02, సున్న. కలం! ఆ మాట చదవగానే ఎంత సంతోషమేసిందో.

ప్రతిసారీ ఇలా మార్చడమెందుకు, నేరుగా హెక్స్‌లోనే లెక్కపెడదామనుకున్నాను. అన్నిటికీ ముందుండే 0సి వదిలేస్తే, మ ఉన్నది 2ఇ దగ్గర. అక్కణ్ణుంచి య, ర, ఱ, ల. నాలుగో అడుగులో ల రావాలి. 2ఇకి 4 కలిపాను. ఇ అంటే 14. పద్నాలుగూ నాలుగూ పద్దెనిమిది. 8 వేసి, 1 చేతిలో ఉంచుకున్నాను. 38 వచ్చింది. చూస్తే అక్కడ స ఉంది. కలం కాస్తా కసం అయింది.

చాలాసేపు పట్టికనే అనుమానించాను. తప్పు నా చేతి అలవాటులో ఉంది. పద్దెనిమిదిలోంచి పది తీసి పక్క స్థానానికి పంపాను. పంపాల్సింది పదహారు. అప్పుడు మిగిలేది 2, చేతిలో 1, జవాబు 32. చిన్నప్పటి నుంచి చేసిన కూడికలో ఆ పది ఎక్కడుందో కూడా నేనెప్పుడూ చూడలేదు. ఇవాళ మొదటిసారి కనబడింది. తీసివేతలోనూ అంతే. ర 30 దగ్గర ఉంది, అందులోంచి ఒకటి తీయాలంటే అప్పుగా వచ్చేది 16, కాబట్టి దాని ముందున్న య 2ఎఫ్.

పదహారే ఎందుకంటే, ఒక్కో హెక్స్ అంకె సరిగ్గా నాలుగు బిట్లకు, అంటే కంప్యూటర్ వాడే నాలుగు 0, 1లకు సరిపోతుంది. రెండు అంకెలైతే ఒక బైట్, 0 నుంచి 255. అందుకే హెక్స్‌లో కూడిక హెక్స్‌లోనే చేయాలని నాకు గట్టిగా అనిపిస్తోంది. డెసిమల్‌లోకి వెళ్లి మళ్లీ వెనక్కొస్తే స్థానం ఎక్కడ మారిందో కంటికి కనబడదు.

సాయంత్రానికి హల్లులు అయిపోయాయి. రేపు గుణింతాలు. గుడి 3ఎఫ్ దగ్గర ఉంది. ఒకటి కలిపితే గుడిదీర్ఘం, 40.