నాన్న గడ్డం

ఈ రోజు నాన్నకి 14వ సిట్టింగు. ఇంకా 19 ఉన్నాయి. మా ఇంట్లో రేడియేషన్ అనం, కరెంటు పెట్టించుకోవడం అంటాం.

నాన్న ఊళ్ళో బడి పంతులుగా చేశారు. గడ్డం గీసుకోకుండా గడప దాటడం నేనెప్పుడూ చూడలేదు. మొన్న ఆదివారం నేను లేచేలోపే బ్లేడుతో గీసేసుకుని, పైన పటిక రుద్దుకున్నారు. మధ్యాహ్నానికి మెడంతా కందిపోయింది. చొక్కా కాలరు తగిలినా ఓర్చుకోలేకపోయారు. తప్పు నాదే, ఆ రేజరు ముందే తీసి దాచాల్సింది. కరెంటు వల్ల చర్మం అడుగున కొత్త కణాలు సరిగా పుట్టవనీ, పైపొర పలచబడిపోతుందనీ, బ్లేడు ఆ కాస్త పొరనీ గీరేస్తుందనీ సిస్టరు విడమరిచి చెప్పింది.

అందుకే ఇవాళ ఎలక్ట్రిక్ షేవర్‌తో నేనే చేశాను. చెంపలు ఎప్పట్లాగే గరుగ్గా ఉన్నాయి. కంఠం దగ్గరికొచ్చేసరికి వెంట్రుకే లేదు. కిరణాలు పడ్డంత మేరా నున్నగా, ఎర్రగా, లేత చిగురు రంగులో ఉంది. నాన్న వేలితో తడిమి చూసుకుని, బొంగురు గొంతుతో "ఇక్కడ గీయక్కర్లేదురా ఇక" అన్నారు. ఏమనాలో తెలీక షేవర్ ఆపేసి కాసేపు అలాగే నిలబడ్డాను.

తరవాత గోరువెచ్చని నీళ్ళు, ఘాటు లేని సబ్బు, అరచేత్తోనే. తువ్వాలుతో రుద్దకుండా అద్ది తుడిచాను. పౌడరు, లోషను, పటిక అన్నీ అటక మీదికి పోయాయి. ఐసు కూడా పెట్టకూడదట. సిట్టింగులు అయిపోయాక కూడా ఒకటి రెండు వారాలు మంట పెరిగి, ఆ తరవాతే తగ్గుముఖం పడుతుందన్నారు. చర్మం చిట్లి రసి కారితే మాత్రం ఆలస్యం చేయకుండా చూపించాలి.

అమ్మ కొబ్బరినూనెలో పసుపు రంగరించి తెచ్చింది. డాక్టరుగారిని అడక్కుండా ఏదీ రాయొద్దన్నారని చెబితే మొహం చిన్నబుచ్చుకుంది. నాకు చాలా బాధేసింది.

ఆసుపత్రికి బయల్దేరే ముందు అమ్మే తన పాత నూలు చీర చింపి, ఎండ తగలకుండా నాన్న మెడ చుట్టూ వదులుగా వేసింది. తిరిగొచ్చాక డాక్టరు రాసిచ్చిన క్రీము ట్యూబు అమ్మ చేతికే ఇచ్చాను. చిటికెనవేలితో, ఊదుతూ ఊదుతూ రాసింది. నాన్న కళ్ళు మూసుకుని అలాగే కూర్చున్నారు.