కుడికంటి వెనక నీరు

ఎక్సెల్ షీట్‌లో గీతలు వంగి కనబడుతుంటే ముందు మానిటర్‌ని అనుమానించాను. ఎడమకన్ను మూస్తే వంకర, కుడికన్ను మూస్తే తిన్నగా. మారతహళ్ళిలో మా వీధి చివరి కళ్ళజోళ్ళ షాపులో పవర్ మారిందన్నారు. ప్లస్ అద్దం పెడితే కాస్త నయమనిపించింది కూడా. డబ్బులు పోయాయి, వంకర పోలేదు.

మా సాఫ్ట్‌వేర్ రిలీజ్ ముందు వారం. అమెరికా వాళ్ళతో కాల్ ముగిసేసరికి ఒంటిగంట దాటింది. పడకగదిలోకి వచ్చి, నిద్రపోతున్న పాపను కుడికంటితో చూశాను. ముఖం మధ్యలో మట్టిరంగు మచ్చ. చుట్టూ జుట్టు, చెవులు మాత్రం తెలుస్తున్నాయి. ఆ ముఖం కూడా చిన్నదైపోయి ఎక్కడో దూరాన ఉన్నట్టుంది. చేయి చాస్తే అందే పిల్ల! ఫోన్‌లో వెతికితే కంటి వెనక పొర, అదే రెటీనా, ఊడటం దగ్గర్నుంచి బ్రెయిన్ ట్యూమర్ దాకా అన్నీ నాకే ఉన్నాయనిపించింది. హోమ్‌లోన్, స్కూలు ఫీజు, ఊళ్ళో అమ్మ... లెక్కలేసుకుంటూ, కిటికీ చువ్వల్ని ఒక్కో కంటితో మార్చి మార్చి చూస్తూ తెల్లవార్లూ కూర్చున్నాను. మా ఆవిడను లేపలేదు. పైకి అంటే నిజమైపోతుందేమోనని భయం.

పొద్దున డైరెక్టర్‌కి ఫోన్ చేసి కంటి ఆసుపత్రికి వెళ్తున్నానంటే, "స్టేటస్ కాల్‌కి కళ్ళతో పనేముంది, చెవులుంటే చాలుగా" అని నవ్వాడు. జోకేలే. నాకింకా అరగలేదు.

చుక్కలు వేశారు, రెటీనా పొరల్ని చూపించే ఓసీటీ స్కాన్ తీశారు, చేతికి పసుపు డై ఎక్కించి కంటి ఫోటోలు తీశారు. జబ్బు పేరు సెంట్రల్ సీరస్ కోరియోరెటినోపతీ. రెటీనా కింద, చూపు నిలిచే నడిమి భాగంలోనే నీరు చేరింది. 20 నుంచి 50 ఏళ్ళ మగవాళ్ళలో ఎక్కువట. స్టెరాయిడ్లేమైనా వాడుతున్నారా అని డాక్టరమ్మ అడిగితే లేదన్నాను. "మరి ముక్కులో కొట్టుకునేదో?" అంది మా ఆవిడ. బెంగళూరు దుమ్ముకి, తుమ్ములకి నెలల తరబడి వాడుతున్న స్ప్రే. అందులో ఉన్నది స్టెరాయిడే. ఆవిడకి ఆ క్షణంలో తట్టకపోయుంటే ఏమయ్యేదో.

"అది బయటి స్టెరాయిడ్, ఆపేద్దాం. టెన్షన్ పడితే ఒంట్లోనే తయారయ్యేది ఇంకోటుంది, కార్టిసాల్. దాని సంగతి మీ చేతుల్లో ఉంది" అంది డాక్టరమ్మ. నా చేతుల్లోనా? నా క్యాలెండరే నా చేతుల్లో లేదే! చాలామందికి మూడు నాలుగు నెలల్లో నీరు దానంతటదే ఇంకిపోతుందని చెప్పి, మందేమీ రాయకుండా పంపేసింది. మందు లేకుండా ఎదురుచూడటం మందు మింగడం కన్నా కష్టం.

రిలీజ్ రాత్రి మా టీమ్‌లో కర్నూలు కుర్రాడు, "నువ్వు పండుకో అన్నా, ఏమన్నా తగలబడితే పొద్దున చెప్తా" అని కాల్ తీసుకున్నాడు. ఏమీ తగలబడలేదు. అప్పట్నుంచి రాత్రి కాల్స్‌ని వంతులేశాం. రాత్రి వచ్చిన ఎస్కలేషన్ మెయిల్‌కి, అంటే పైవాళ్ళదాకా వెళ్ళిన ఫిర్యాదుకి, పొద్దునే జవాబు. తెల్లారేసరికి సగం వాటికి జవాబే అక్కర్లేదు. గట్టి మీటింగ్‌కి ముందు కొన్ని నిమిషాలు ఊపిరి తీసుకున్నదానికన్నా నెమ్మదిగా వదులుతాను. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది. ఏదైనా పగిలిందంటే టీమ్ ముందు చూసేది లీడ్ ముఖమే. ఆ ముఖం మాడిపోతే టీమ్‌లో పిల్లలు చెడ్డవార్త దాచేస్తారు, అదే అర్ధరాత్రి పెద్దదై వస్తుంది. ఇవేవీ మా లీడర్‌షిప్ ట్రైనింగ్ స్లైడ్లలో కనబడలేదు మరి.

నాలుగో నెల స్కాన్‌లో నీరు లేదు. గీతలు తిన్నగా ఉన్నాయి, రంగులు మాత్రం కుడికంటికి ఇంకా కొంచెం వెలిసినట్టే ఉంటాయి. మళ్ళీ రావచ్చన్నారు. మీకెవరికైనా తలుపు అంచు వంగినట్టు కనబడితే షాపుల చుట్టూ తిరక్కండి, రెటీనా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ముక్కు స్ప్రే, ఇన్‌హేలర్, చర్మానికి రాసే ఆయింట్‌మెంట్, కీళ్ళ ఇంజెక్షన్, అన్నీ చెప్పండి. వాటిని మీ అంతట మీరు మాత్రం ఆపకండి.

అమ్మ శ్రీకాళహస్తిలో వెండి కళ్ళు వేస్తానని మొక్కుకుంది, కన్నప్ప కళ్ళిచ్చిన చోటని. ఇదంతా దానంతటదే తగ్గే జబ్బమ్మా అంటే, "మీ డాక్టరమ్మ మందేమీ ఇవ్వలేదంటివి, మరి ఎవరు తగ్గించినట్టు?" అంది. నేనేం చెప్పను? లీవ్ పెట్టాను. డైరెక్టర్ ఇంకా అప్రూవ్ చేయలేదు.