ఫోటోలో లేని సిస్టర్

మా యూనివర్సిటీ ఆసుపత్రి సర్జరీ విభాగానికి అవార్డు వచ్చిందని పొద్దున్నుంచీ ఒకటే ఫోన్లు. ఫోటోలో నేనూ ఉన్నాను, మూడో వరుసలో సగం చెవి కనిపిస్తోంది చూడండి!

నాకు మాత్రం పోయిన వారం అర్ధరాత్రి కేసే గుర్తొస్తోంది. పొట్ట మూసి కుట్లు వేయబోతుంటే సిస్టర్ "ఆగండి సార్, మాప్ ఒకటి తక్కువుంది" అన్నారు. మాప్ అంటే ఆపరేషన్‌లో రక్తం అద్దే గుడ్డ. పెద్ద సార్ విసుక్కోలేదు, సూది పక్కన పెట్టేశారు. మళ్లీ లెక్క. చివరికి కాలేయం వెనకాల దొరికింది, రక్తంలో తడిసి ముద్దయిపోయి.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన 19 అంశాల సర్జరీ భద్రతా చెక్‌లిస్టులో ఈ లెక్కా ఒకటి. పీజీ మొదటేడాది దాన్ని ఉత్త కాగితాల గోల అనుకునేవాణ్ని.

ఆ సిస్టర్ ఫోటోలో లేరు. నైట్ డ్యూటీ దిగి ఇంటికెళ్లి పడుకున్నారట.