8 కిలోలా, 12 కిలోలా? నా కెటిల్‌బెల్ కథ

నీళ్ల క్యాన్ వేసే అబ్బాయి ఆ రోజు తొందరలో ఉన్నాడేమో, క్యాన్ గుమ్మం బయటే పెట్టి వెళ్లిపోయాడు. 20 లీటర్లది. రోజూ చూసేదే కదా అని వంగి రెండు చేతులతో పట్టి లేపబోయాను. జానెడు కూడా లేవలేదు, నడుములో కలుక్కుమంది. క్యాన్ అక్కడే, నేనూ అక్కడే. అత్తయ్య బయటికొచ్చి చూసి, "అయ్యో, నన్ను పిలవకపోయావా!" అన్నారు. 72 ఏళ్ల మనిషిని సాయానికి ఏమని పిలవను?

కూకట్‌పల్లిలో ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్తే, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "డిస్క్ సమస్యేం కనిపించట్లేదమ్మా. తొడలు, పిరుదులు చెయ్యాల్సిన పని కూడా నడుం మీదే వేస్తున్నారు, అదీ సంగతి" అన్నాడు. ఆరు వారాలకి నొప్పి పూర్తిగా పోయింది. ఇక రావక్కర్లేదు అంటాడనుకుంటే, అసలు మందు ఇప్పుడు మొదలుపెట్టాలన్నాడు. రోజూ పార్కులో నడుస్తాను కదా అన్నాను. నడక మంచిదే కానీ కండరాలకి అది చాలదట. వారానికి కనీసం రెండు రోజులు కండబలం పెంచే వ్యాయామం చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోందట.

జిమ్‌లో చేరడం నా వల్ల కాదని ముందే తెలుసు. తొమ్మిదికల్లా ఆఫీసు లాగిన్, అంతకుముందు బాక్సులు కట్టాలి. కేపీహెచ్‌బీలో మాది రెండు బెడ్‌రూముల ఫ్లాటు, ట్రెడ్‌మిల్ లాంటివి పెడితే మనుషులు బాల్కనీలో పడుకోవాలి. సోఫా పక్కన మూలకి పెట్టేస్తే కనపడకుండా ఉండే వస్తువు ఏదా అని వెతికితే కెటిల్‌బెల్ తేలింది, అంటే పైన హ్యాండిల్ ఉన్న బరువైన గుండు.

మొదటిది ఆన్‌లైన్‌లో తెప్పించాను. 4 కిలోలు, గులాబీ రంగు. రంగు చూసే కొన్నాను, దాచేదేముంది. లోపల ఇనుము కాదు, సిమెంటు పోసి పైన ప్లాస్టిక్ తొడుగు వేశారు. అందుకే 4 కిలోలకే చిన్న కర్బూజా పండంత ఉంది. రెండు వారాలు చేసినా ఒంటికి ఏమీ తెలియలేదు. కారణం తర్వాత అర్థమైంది. స్వింగ్ అంటే బరువుని కాళ్ల మధ్య నుంచి వెనక్కి పోనిచ్చి, పిరుదులు బిగించి ముందుకి విసరడం. చేతులు తాళ్లలాగా ఊరికే పట్టుకుని ఉండాలి. 4 కిలోలైతే చేతులే లేపేస్తాయి. ఇక పిరుదులకి పనెక్కడుంటుంది? తేలికైతే భద్రం అనుకున్నాను కానీ, నాకు తప్పుడు అలవాటు నేర్పింది ఆ తేలికదే.

ఈ సంగతి మా తమ్ముడికి చెప్పడం రెండో పొరపాటు. "అక్కా, బిగినర్స్ వెయిట్ 16" అని స్నేహితుడి దగ్గర నుంచి ఒకటి మోసుకొచ్చాడు. వాడు చెప్పింది సగం నిజం. కొత్తగా మొదలుపెట్టే మగవాళ్లకి మామూలుగా 12 నుంచి 16, ఆడవాళ్లకి 8 చెబుతారు, కాస్త బలం ఉన్నవాళ్లు 12తో మొదలుపెట్టొచ్చు. వాడు మగవాళ్ల లెక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. అది నన్ను ఊపిందో, నేను దాన్ని ఊపానో తెలీదు. పదోసారికి భుజాలు పట్టేశాయి, మర్నాడు నడుం మళ్లీ బిగుసుకుంది. టెన్షన్‌తో ఫిజియో దగ్గరికి పరిగెత్తాను.

అసలు ఈ 16 అనే అంకె ఎక్కడిదో తెలిశాక తమ్ముడి మీద కోపం కొంచెం తగ్గింది. ఇవి రష్యాలో సంతల్లో ధాన్యం తూచడానికి వాడిన తూకపు గుండ్లు. వాళ్లు గిర్యా అంటారు. మనకి వీశె, మణుగు ఉన్నట్టు వాళ్లకి పూద్ అని ఒక కొలత ఉండేది, అది సుమారు 16.38 కిలోలు. ఒక పూద్, ఒకటిన్నర, రెండు పూద్‌లు అలా 16, 24, 32గా మిగిలిపోయాయి. బస్తాలు తూచే లెక్కతో మొదలైన అంకె అన్నమాట, నా నడుముని చూసి పెట్టింది కాదు.

ఫిజియో నా స్వింగ్ చూసి నవ్వు ఆపుకున్నాడు. "మీరు బస్కీలు తీస్తున్నారు, దాంతోపాటు గుండు కూడా ఎత్తుతున్నారు" అన్నాడు. ఒక కర్ర తెచ్చి నా వెన్ను మీద నిలువుగా ఆనించాడు. తల వెనుక, వీపు పైభాగం, వెన్ను చివర, ఈ మూడు చోట్లా కర్ర తగులుతూనే ఉండాలి. మోకాళ్లు కొద్దిగా మాత్రమే వంచి, పిరుదుల్ని వెనక్కి నెట్టాలి. గోడకి ఒక అడుగు దూరంలో నిలబెట్టి, "వెనక్కి తిరగకుండా గోడని తాకండి" అన్నాడు. నేను నడుం వంచుతున్నానే తప్ప గోడ తగలట్లేదు. చివరికి ఆయనే ఉపాయం చెప్పాడు: "రెండు చేతుల్లో గిన్నెలుంటే ఫ్రిజ్ తలుపు దేంతో మూస్తారు?" అంతే, మొదటిసారికే గోడ తగిలింది. ఇరవై ఏళ్లుగా వంటింట్లో చేస్తున్న పనే! పది రోజులు ఇంట్లో మాప్ కర్ర వీపుకి ఆనించుకుని ఇదొక్కటే చేశాను. పిల్లలు వీడియోలు తీశారు. తీసుకోనీ.

ఈసారి చేత్తో పట్టుకుని చూస్తే తప్ప కొనకూడదనుకున్నాను. శనివారం మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో దిగి, కోఠీలో ఒక స్పోర్ట్స్ షాపుకి నడిచాను. నేల మీద కోడిపెట్టలు పొదిగినట్టు వరసగా నల్లటి గుండ్లు. షాపాయన అన్నీ ఒకటే మేడమ్ అన్నాడు కానీ, కాదు. హ్యాండిల్ కింద వేలు పెట్టి నిదానంగా జరిపితే ఒకదానికి పోత అతుకు గీత గరుగ్గా తగిలింది. వంద సార్లు ఊపితే అరచెయ్యి ఒలిచేస్తుంది అది. ఇంకొకటి నేల మీద పెడితే గోలీలా ఊగింది. అడుగు సమంగా లేకపోతే పక్కకి దొర్లి కాలి వేళ్ల మీదకే వస్తుంది. మూడోదానికి హ్యాండిల్‌కీ గుండుకీ మధ్య సందు చిన్నది, రెండు చేతులూ పట్టలేదు. పోటీల్లో వాడే రకం కూడా ఒకటి చూపించాడు. అవి ఎంత బరువైనా ఒకటే సైజులో ఉంటాయి. ధర ఎక్కువ, నాకు అవసరమూ లేదు.

బరువు తేల్చుకోవడానికి నేను పెట్టుకున్న పరీక్ష ఒక్కటే. ఒంటి చేత్తో భుజం దగ్గర నుంచి తల పైకి, నడుం వెనక్కి విరవకుండా, ఐదారు సార్లు నెట్టగలగాలి. 8 కిలోలది ఆరుసార్లు వెళ్లింది, ఏడోది వణికింది. 12 కిలోలది చెవి దాకా వచ్చి ఆగిపోయింది. కానీ అదే 12ని రెండు చేతులతో నేల మీద నుంచి ఎత్తితే హాయిగా లేచింది. అంటే ఒకే మనిషికి ఒకే బరువు అన్నది లేనేలేదు. భుజం లెక్క వేరు, పిరుదుల లెక్క వేరు. మొదలు కాబట్టి 8 తీసుకుందామనుకున్నాను, నెల తిరక్కుండా మళ్లీ రావాల్సొస్తుందని లెక్కేసుకుని రెండూ తీసుకున్నాను. రెండూ ఒకేసారి మోసుకెళ్లడం కుదరదు కదా, కలిపితే 20 కిలోలు, సరిగ్గా నీళ్ల క్యానంత! అందుకని ఆ రోజు 8 మాత్రం తెచ్చుకుని, పన్నెండుదానికి తమ్ముణ్ణి పంపాను. శిక్ష అనుకో అన్నాను.

తిరుగు ప్రయాణంలో మెట్రో స్కానర్‌లో నా బ్యాగు ఆగింది. తెర మీద నల్లగా గుండ్రంగా కనపడితే ఆపరా మరి! జిప్పు తీసి చూసిన సెక్యూరిటీ ఆవిడ, "ఇదేంటమ్మా, ఎక్సర్‌సైజుదా? నడుం నొప్పికి పనిచేస్తుందా?" అని అడిగింది. వెనక లైను పెరిగిపోతోంది కాబట్టి సరిపోయింది కానీ, లేకపోతే గోడ పాఠం అక్కడే చెప్పేదాన్ని.

వారానికి మూడు రోజులు, ఇరవై నిమిషాలు. మొదటి మూడు వారాలు స్వింగ్ జోలికి పోలేదు. గుండుని నేల మీద నుంచి ఎత్తి దించడం పదేసి, గుండెకి ఆనించుకుని బస్కీలు ఎనిమిదేసి, సోఫా మీద ఒక చెయ్యి ఆనించి రెండో చేత్తో పక్కటెముకల దాకా లాగడం ఎనిమిదేసి, అన్నీ మూడు విడతలు. నాలుగో వారం నుంచి పదేసి స్వింగులు, మధ్యలో మాట్లాడగలిగేంతగా ఊపిరి కుదుటపడే వరకు విశ్రాంతి. ఊపిరి బిగబట్టకూడదు, బీపీ ఉన్నవాళ్లు అసలు డాక్టర్ని అడగకుండా మొదలే పెట్టకూడదు.

ఏ వీడియోలోనూ చెప్పని సంగతులు రెండున్నాయి. తల పైకి నెట్టేటప్పుడు గుండు ముంజేతి మీద వాలి ఉంటుంది. మొదటి రోజే నా మట్టిగాజులు రెండు చిట్లిపోయాయి. పొద్దున్నే గాజులు పగలడం ఏంటని అత్తయ్య ముఖం చిన్నబుచ్చుకున్నారు. నల్లపూసలు కూడా, స్వింగ్‌లో పైకి లేచి గడ్డానికి కొడతాయి. ఇప్పుడు గాజులు, ఉంగరం తీసి దేవుడి గూట్లో పెట్టి, నల్లపూసలు జాకెట్టు లోపలికి వేసుకుని మొదలుపెడతాను. ఇంకో రోజు కింది ఫ్లోరు పిన్నిగారు లిఫ్టులో కలిసి, "ఆరింటికే రోట్లో ఏం దంచుతున్నావమ్మా?" అన్నారు. ఆ సాయంత్రమే మందపాటి రబ్బరు మ్యాట్ కొన్నాను. దాని మీద పాత బొంత మడిచి వేసి, గుండు అక్కడే దించుతున్నాను.

అసలు చిక్కు మాత్రం నాలుగో నెలలో వచ్చింది. స్వింగ్‌కి 8 దూదిపింజలా అయిపోయి అప్పటికే 12కి మారిపోయాను. తల పైకి నెట్టడం మాత్రం 12తో ఒక్కటీ రాదు. ఎందుకు రాదంటే, షాపుల్లో దొరికేవి ఎక్కువగా 4 కిలోల తేడాతోనే ఉంటాయి. 12 నుంచి 16కి వెళ్తే మూడో వంతు పెరిగినట్టు, 8 నుంచి 12కి వెళ్తే ఏకంగా సగం. చిన్న బరువుల దగ్గరే మెట్టు ఎత్తు ఎక్కువ. 10 కోసం వెతక్కుండా ఫిజియో చెప్పింది చేశాను. 8నే నాలుగు అంకెలు లెక్కపెడుతూ పైకి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ కిందికి. అదే గుండు ఒక్కసారిగా బరువైపోయింది.

ఇప్పటికి ఏడు నెలలు. గులాబీది బాల్కనీ తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం ఉంది, తొడుగు పగిలి సిమెంటు పొడి రాలుతోంది. నీళ్ల క్యాన్ నేనే లోపలికి తెస్తున్నాను, పిరుదులు వెనక్కి నెట్టి, దగ్గరగా పట్టుకుని. 12 కిలోలది కుడి చేత్తో మూడుసార్లు పైకి వెళ్తోంది. ఎడమ చెయ్యి ఇంకా చెవి దగ్గరే ఆగిపోతోంది.